రెండో గౌను

"ఆవిడ రాకపోతే నా సినిమా ఏం కావాలక్కా?" అంటూ డైరెక్టరు దుస్తుల గదిలోకి దూసుకొచ్చాడు.

దర్జీ తలెత్తలేదు. ఆమె ఒళ్లో తెల్లటి పెళ్లిగౌను ఉంది. అలాంటిదే ఇంకొకటి గోడకు వేలాడుతోంది. గోడకున్నది హీరోయిన్‌ది, ఒళ్లో ఉన్నది హీరో భార్యది.

ఆ హీరో చేసేవన్నీ భక్తితో కూడిన ప్రేమకథలే. పరాయి స్త్రీని తెర మీద కూడా తాకనని అతను నియమం పెట్టుకున్నాడు. అందుకని సినిమా అంతా హీరోయిన్ నటిస్తుంది. చివర్లో, ప్రార్థన మందిరంలో పెళ్లయ్యాక వచ్చే కౌగిలింతకు మాత్రం అతని భార్య మేలిముసుగు వేసుకుని, కెమెరాకు వీపు చూపించి నిలబడుతుంది. నాలుగు సినిమాలు అలాగే గట్టెక్కాయి. ఈ డైరెక్టరు కొత్తవాడు. ఆవిణ్ణి ఒక్కసారి కూడా చూడలేదు.

"వస్తుందో రాదో హీరోనే అడగండి," అంది దర్జీ.

"అడిగాను. 'పిలిస్తే రాదు' అని కుర్చీలో కూలబడ్డాడు. నలభై రోజులుగా వాళ్లక్క ఇంట్లో ఉంటోందట. ఆ ఇల్లెక్కడని లైట్ల మేస్త్రిని అడిగితే, నవ్వి, 'దర్జీనడగండి' అన్నాడు. పైగా మబ్బు పడుతోంది. గోరుచుట్టు మీద రోకటిపోటు!"

దర్జీ గౌను నడుము దగ్గర కుట్టు విప్పి, అర అంగుళం లోపలికి మడిచింది.

"కొలతలు తీసుకోకుండానే తగ్గించేస్తున్నారేంటి?"

"ఈమధ్య కాస్త చిక్కింది లెండి."

"అయితే చూస్తూనే ఉన్నారన్నమాట! మరి దీనికి హుక్కులు పక్కకి పెట్టారేం? గోడకున్న దానికి వెనకాల ఉన్నాయిగా?"

"హీరోయిన్‌కి తొడగడానికి నేనున్నాను. ఆవిడకెవరున్నారు? ఒక్కతే తొడుక్కోవాలి."

ఆ మాట డైరెక్టరు చెవికెక్కలేదు. అతని కళ్లు కిటికీ బయట మబ్బు మీదున్నాయి.

"అసలు గొడవేంటక్కా?"

"ఈ సినిమాలో హీరో ఏం చేస్తాడు?"

"ఏముంది, ప్రతి ఆదివారం అమ్మాయి ఇంటికి వెళ్తాడు. ముందుగదిలో తలుపులు బార్లా తీసి, మధ్యలో నాయనమ్మను కూర్చోబెట్టుకుని మాట్లాడతాడు. వాళ్ల నాన్న అనుమతి తీసుకుంటాడు. అప్పుడు మోకాళ్ల మీద నిలబడి, 'నీకిష్టమేనా?' అని అమ్మాయినడుగుతాడు."

"నాలుగు సినిమాల్లో నలుగుర్ని అలాగే అడిగాడు. ఈ పిల్ల ఐదోది. సొంత పెళ్లికి మాత్రం పెద్దలు అడిగారు, పాస్టరు గారు అడిగారు. తను అడగలేదు. సరే, పోనీ అనుకుంది ఆవిడ. కిందటి నెల చర్చి పని కోసం వేరే ఊళ్లో కాపురం పెడతామని సంఘంలో మాటిచ్చి వచ్చాడు. ఇంటికొచ్చి, 'సామాన్లు సర్దు' అన్నాడు. అంతే. ఊరికి ఉపకారి, ఆలికి అపకారి."

"అంత మంచి మనిషి..."

"మంచివాడే. అందుకే ఆవిడకి కోపం కన్నా బాధెక్కువ. ఒక్కసారి అడిగితే చాలు. అడగడా, ఇక ఆ గడప తొక్కదు. మీ షాటూ ఉండదు."

డైరెక్టరు పరుగెత్తాడు. పావుగంటలో పెళ్లికోటుతో ఉన్న హీరోను వెంటబెట్టుకుని వచ్చాడు. తలుపు తీసే ఉంది. అయినా హీరో రెండుసార్లు తట్టి, రమ్మనేదాకా ఆగాడు. దర్జీ చేతిలో సూది ఆగిపోయింది.

"ఆవిణ్ణి ఒక మాట అడగాలి," అన్నాడు, నేలచూపులు చూస్తూ. "ఆ ఊరు వెళ్లడం ఇష్టమేనా అని. ఇష్టం లేకపోతే సంఘంలో నేనే లేచి, తప్పు నాదని చెప్పుకుంటాను. తలవంపులైతే అవనీ."

"సినిమా డైలాగా?" అంది దర్జీ.

"కాదు. ఇది ఎవరూ రాసివ్వలేదు. అందుకే నలభై రోజులు పట్టింది."

దర్జీ సూదిలో దారం ఎక్కించబోయింది. మూడుసార్లు తప్పింది.

"విన్నారుగా అక్కా, వెంటనే ఆవిడకి ఫోన్ చెయ్యండి!" అన్నాడు డైరెక్టరు.

"ఊరి సంగతి ఆలోచించి చెబుతుంది. షాటుకి మాత్రం వస్తుంది."

"ఎప్పుడు? వెలుగు పోతోంది!"

"పది నిమిషాల్లో. మీరిద్దరూ కాస్త బయటికి నడవండి."

వాళ్లు వెళ్లాక ఆమె ఆఖరి కుట్టు వేసి, దారం పళ్లతో తెంపింది. మెడలోని టేపు తీసి మేకుకు తగిలించి, తలుపు గడియ పెట్టింది.

ఆ గౌను తనే తొడుక్కుంది.