మదామ్ వద్దంటున్నది

“మదామ్ ఫైబర్ వద్దంటున్నది సార్.”

ఆ మాట చెప్పి జయ వంటింటి గుమ్మంలోనే నిలబడింది. హరనాథ్ నుదుటి చెమట తుడుచుకున్నాడు. పెరట్లో గుంత తవ్వడం అయిపోయింది. ఫైబర్ తొట్టె దమ్మామ్‌లో లారీ ఎక్కడమే తరువాయి.

“పోయినవారం అదే కావాలన్నారు కదమ్మా?”

“ఎండకు పగుల్తదని భయపడ్తున్నది సార్.”

రియాద్‌లో 2005 వేసవి అది. ఈత కొలనులు కట్టే కంపెనీలో హరనాథ్ ఇంజనీరు. ఈ విల్లా యజమాని అబూ ఫహద్‌కి జుబైల్‌లో ఉద్యోగం. వారాంతానికి తప్ప ఇంటికి రాడు. ఫోన్ చేస్తే, “కొలను పిల్లలకీ వాళ్లమ్మకీ. ఆవిడ ఎలా చెబితే అలా చెయ్యి” అని పెట్టేసేవాడు. ఆవిడ పరాయి మగవాళ్ల ముందుకు రాదు. హరనాథ్ అరబ్బీ బజారు బేరాల వరకే. అందుకే మధ్యలో ఈ జయ. ఆ ఇంటి పనిమనిషి, గేటు దాటి బయటికి పంపరు. మొదటిరోజు ఆమె తెలుగు మాట వినగానే అతనికి ప్రాణం లేచొచ్చింది.

“ఏ ఊరమ్మా?”

“ఆర్మూర్ దిక్కు సార్.”

“మా మేస్త్రీ హన్మాండ్లుదీ అటువైపే.”

ఆమె హన్మాండ్లు వైపు తిరిగి కూడా చూడలేదు. “గా దిక్కోళ్లు ఈడ మస్తుమంది ఉన్నరు సార్” అని లోపలికి వెళ్లిపోయింది.

ఫైబర్ వద్దన్నాక షీటు ఖాయమైంది. చుట్టూ సిమెంటు బ్లాకులతో గోడ కట్టి, లోపల నీలం రంగు ప్లాస్టిక్ షీటు పరిచేది. హన్మాండ్లు గోడలు సగానికి లేపాడు. అప్పుడు మళ్లీ వచ్చింది జయ.

“షీటు వద్దంటున్నది సార్. పిల్లలు దునికితె చిరుగుతదట.”

“మరేం కావాలట?”

“అడిగొస్త.”

అడిగి రావడానికి వారం పట్టింది. చివరికి కాంక్రీటు అంది. కట్టిన గోడలు పడగొట్టారు. ఇనుము కట్టారు, కాంక్రీటు పోశారు. ఒకవైపు టైల్స్ అతికించాక, మదామ్‌కి ఆ నీలం నచ్చలేదంది జయ. ఊడబెరికారు.

హరనాథ్ అలసిపోయాడు. ఆ విల్లా కొలను అప్పగించాకే లీవు అని మేనేజరు తేల్చి చెప్పాడు. కాకినాడ నుంచి శ్రీలేఖ ఫోన్లో “ఈ నెలైనా వస్తారా?” అని అడగడం మానేసింది. ఆమె మానేశాక అతనికి ఇంకా కష్టంగా ఉంది. కూతురు వర్షకి నాన్నంటే ఫోన్లో గొంతే.

హన్మాండ్లు మాత్రం ఎప్పుడూ విసుక్కోలేదు. చేతి కింద ఇద్దరు కూలీలను పెట్టుకుని, కట్టిందే కూల్చి, కూల్చిందే కట్టాడు. ఏనాడూ ఏదీ అడగని మనిషి, ఈ ఒక్క సైటుకి మాత్రం తనను వెయ్యమని అడిగి మరీ వచ్చాడు. చెట్టు నీడ ఉందని కాబోలు అనుకున్నాడు హరనాథ్. పాపం, నీడ దొరికిందిగానీ జయ నోరు తప్పలేదు.

“గోడ వంకర వోతున్నది, కండ్లు కనవడ్తలేవా?” అనేది ఆమె, టీ ఫ్లాస్కు తెచ్చినప్పుడల్లా.

“నీ పని నువ్వు చూస్కో.”

“తినకుంట పనిచేస్తె వంకర వోక ఏమైతది? ఇగో, ఇది మిగిలింది. పారేస్తె మదామ్ తిడ్తది. తిను.”

పళ్లెం అతని ముందుకి తోసేసేది. హన్మాండ్లు తలెత్తకుండా తినేవాడు.

“మనిషిని అంత మాటంటే ఊరుకుంటావేంటయ్యా?” అన్నాడు ఒకరోజు హరనాథ్.

“అలవాటే సార్.”

మూడు వారాల్లో అయిపోవాల్సిన పని నాలుగు నెలలకి ముగిసింది. అక్కడ వారాంతం మొదలయ్యే గురువారం నాడు కొలను నిండింది. అబూ ఫహద్ పిల్లలు కేకలు పెడుతూ దూకారు. ఆయన హరనాథ్ చెయ్యి పట్టుకుని ఇంగ్లీషులో అన్నాడు.

“బాగా వచ్చింది. కానీ మా ఆవిడ మొదట్నుంచీ ఫైబరే కావాలంది. అది పగులుతుందని మీరే ఒప్పుకోలేదు. షీటు చిరుగుతుందన్నదీ మీరే. ఆ టైల్సు నాసిరకమని మీరు పీకించినప్పుడు మాత్రం, నిజాయితీ గల కంపెనీ అనుకున్నాం.”

“మేమా? ఎవరు చెప్పారు సార్?”

“మీ మాటలు మాకు చెప్పేది జయే కదా!”

హరనాథ్ వంటింటి వైపు చూశాడు. గుమ్మంలో ఎవరూ లేరు.

ఇంతలో పిల్లవాడెవరో పిలిస్తే అబూ ఫహద్ అటు వెళ్లాడు. హరనాథ్ విసవిసా బయటికి నడిచాడు. హన్మాండ్లు తాపీ, బకెట్లు వ్యానులో సర్దుతున్నాడు.

“మనతో ఒకటి, వాళ్లతో ఒకటి చెప్పి నాలుగు నెలలు ఆడించింది ఆ జయ! నా లీవు పోయింది. నీ రెక్కలు విరిగాయి. ఎందుకు చేసిందో నాకు అనవసరం. ఇప్పుడే వెళ్లి ఆయనకి మొత్తం చెప్పేస్తాను. సాయంత్రానికల్లా ఇంట్లోంచి పంపించేస్తాడు.”

వెనక్కి తిరిగాడు. హన్మాండ్లు చేతిలో బకెట్ కింద పడేసి గేటుకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

“చెప్పకుండ్రి సార్, అది నా పెండ్లాం, నాలుగేండ్ల సంది ఇద్దరం ఈ రియాద్‌లనే ఉన్నం గని, దాని మొఖం నేను జూసుకున్నది ఈ నాలుగు నెల్లే.”