అరంగుళం స్క్రూలు

"దీన్ని గడియ అంటారా నాన్నా?"

పదహారేళ్ల అమ్మాయి అరచేతిలో నాలుగు స్క్రూలు పెట్టుకుని, చిత్రిక పడుతున్న తండ్రి ముందు నిలబడింది. తన గదికి లోపలి గడియ కావాలని నెల రోజులు పోరింది. వడ్రంగి ఊళ్లో అందరి తలుపులకీ గడియలు బిగిస్తాడు గానీ, కూతురి గది అనేసరికి అతనికి చేతులు రాలేదు. ఇవాళ అడిగితే రేపు, రేపు అడిగితే ఎల్లుండి అన్నాడు. చివరికి ఈ ఉదయమే బిగించాడు. బిగించి, పిల్ల మెచ్చుకుంటుందేమోనని ఎదురు చూశాడు కూడా. వడ్రంగి ఇంట్లో పెరిగిన పిల్ల ఊరుకుంటుందా? స్క్రూడ్రైవర్ తెచ్చి విప్పి చూసింది.

"అన్నీ అరంగుళంవే. భుజంతో ఒక్క తోపు తోస్తే ఊడొస్తాయి. నా మీద నమ్మకం లేదని చెప్పేస్తే పోయేది కదా."

దొంగ దొరికిపోయాడు. చెవి మీది పెన్సిల్ తీసి, చూసి, మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు. నమ్మకం లేక కాదని, లోపల కళ్లు తిరిగి పడిపోతే ఎలాగని నసిగాడు. పుట్టి ఇన్నేళ్లయినా తనకు ఒక్కసారీ కళ్లు తిరగలేదని ఆమె గుర్తుచేసింది. మీ గదికైతే ఇలాగే బిగించుకుంటావా అని నిలదీసింది. అతను పనిముట్ల పెట్టె వెతికి ఒక చిన్న డబ్బా ఆమె చేతిలో పెట్టాడు.

"ఇవి రెండంగుళాలవి. నువ్వే బిగించుకో తల్లీ. నీ గది, నీ ఇష్టం."

ఆ గొంతులో కోపం లేదు. అదే ఆమెకు కాస్త గుచ్చుకుంది. అయినా గెలుపు గెలుపే. వెళ్తూ వెళ్తూ అమ్మానాన్నల గదిలోకి దూరింది. వాళ్ల గడియకున్న పొడవాటి స్క్రూ ఒకటి విప్పి నాన్న ముందు పెడితే అప్పుడేం చెబుతాడో చూడాలనుకుంది.

మొదటి స్క్రూ రెండు తిప్పులకే చేతిలో పడింది. అరంగుళం. రెండోదీ అంతే. గడియ చుట్టూ చెక్కలో రంపంపొట్టు, జిగురు కలిపి పూడ్చిన పాత కంతలు కనిపించాయి. ఒకటీ రెండూ కాదు, పదికి పైనే ఉన్నాయి.

"ఇవేంటమ్మా?" అని, మంచం మీద బట్టలు మడతపెడుతున్న తల్లిని అడిగింది.

తల్లి తలెత్తి చూసి నవ్వింది.

"నీకు ఐదారేళ్లప్పుడు, పీడకల వచ్చినప్పుడల్లా నువ్వు తలుపు తన్ని గడియ ఊడగొట్టినప్పటివి. పిల్ల పెద్దదైంది, ఇప్పటికైనా పొడవువి బిగించండి అంటే, ఎప్పుడైనా రావాలనిపిస్తే వస్తుంది, ఉండనీ అంటారు మీ నాన్న."