ఏనుగులు మార్చుకున్న దారి

ఏనుగులు నీళ్లకు వెళ్లే దారిలోనే కుందేళ్ల బొరియలుండేవి. ఏటా కొన్ని కూలిపోయేవి. పొరుగునుండే ముళ్లపంది నాంచారమ్మ ప్రతి వేసవీ ఏనుగుల పెద్ద దగ్గరికి వెళ్లి, "అయ్యా, కాస్త పక్కగా నడవండి" అని బతిమాలేది.

"అక్కడెవరున్నారమ్మా? గడ్డే కదా!" అనేవాడాయన.

చివరికి నాంచారమ్మ, వణికిపోతున్న కుందేళ్లకు ధైర్యం చెప్పి, పిల్లాపాపలతో సహా వెంటబెట్టుకుని వెళ్లింది. ఏనుగుల పెద్ద తెల్లబోయాడు. "ఇన్నాళ్లూ మేం నడిచింది వీళ్ల ఇళ్ల మీదా!" అన్నాడు. ఆ సాయంత్రమే మంద దారి మార్చుకుంది.

ఏళ్లు గడిచాయి. నాంచారమ్మకు కాళ్లలో సత్తువ తగ్గింది. ఆమె గుంతలోకి వాననీరు చేరితే, అడగకముందే కుందేళ్లొచ్చి మెరక మీద కొత్త బొరియ తవ్వాయి.

"నాకోసం ఇంత శ్రమ ఎందుకమ్మా?" అంది.

"మా పిల్లలు ఏనుగుల్ని చూసి పరిగెత్తరవ్వా. తాతా అంటూ ఎదురెళ్తారు" అంది తల్లి కుందేలు.

నాంచారమ్మ కొత్త బొరియలో వెచ్చగా ఒదిగి, కళ్లు తుడుచుకుంది.