ఒక్కరి బరువు

టీ గుడారం ముందుకు వచ్చేసరికి సైరగుల్ మోటార్‌సైకిల్ చైను జారిపోయింది.

దిగి ఎక్కించింది. నాలుగడుగులు పోయి మళ్ళీ జారింది.

చైను నిండా ఇసుక కలిసిన బురద. లంకెలు వంగిన చోటే బిగుసుకుపోతున్నాయి.

గుడారం నడిపే బురుల్ వేడినీళ్ళ కూజాతో పరిగెత్తుకొచ్చింది.

"సోడా వేసి కడిగెయ్ నర్సమ్మా! మా గిన్నెలు తళతళలాడేది దీంతోనే."

"నీళ్ళయితే కొండ కనుమ మీద గడ్డకడతాయి వదినా."

"పోనీ, నీ ట్యాంకులో పెట్రోలుందిగా?"

"అది పోస్తే లోపలి రబ్బరు రింగులు పాడైపోతాయి. కిరోసిన్ కావాలి. దీపాల్లో ఏమన్నా మిగిలిందా?"

"దీపాలెక్కడివి తల్లీ! సోలారొచ్చాక వాటి మొహం చూసిందెవరు?"

గుడారం పక్కన రాయి మీద కూర్చున్న తెల్లగడ్డం ముసలాయన మెల్లగా లేచాడు.

"కనుమ అవతలికా అమ్మాయ్? చరియలు పడ్డాయని కారువాడు నన్నిక్కడే దింపేసి పోయాడు. వెనక సీటు ఖాళీయే కదా, నన్నూ తీసుకుపో. దేవుడు నీకు మేలు చేస్తాడు."

"తీసుకెళ్తాలే పెద్దాయనా, ముందు ఇది కదలనీ. అవతల గొర్రెలవాళ్ళ మేతభూమిలో బాలింతకి రక్తం ఆగట్లేదు. చీకటి పడేలోపు ఈ మందు అందాలి."

ఆమె మెడలో వేలాడుతున్న మంచు డబ్బాను ముసలాయన రెప్పవేయకుండా చూశాడు.

సంచి అక్కడే పడేసి, లోయలో ఉన్న రోడ్డు పనివాళ్ళ షెడ్డు వైపు కుంటుతూనే ఉరికాడు.

"ఆ మోకాళ్ళతో ఎక్కడికా ఉరుకు!" బురుల్ నోరు నొక్కుకుంది.

తిరిగొచ్చేసరికి ముసలాయన ఎగరొప్పుతున్నాడు. చేతిలో సీసాడు కిరోసిన్.

సైరగుల్ పళ్ళు తోముకునే బ్రష్షు తీసింది. ఇంజన్ ఆపేసిన బండి చక్రాన్ని ఆయన చేత్తో తిప్పుతుంటే, ఆమె ఒక్కో లంకెనూ రుద్దుకుంటూ వచ్చింది. నల్లటి మడ్డి బొట్లుబొట్లుగా కారింది. పాతగుడ్డతో పొడిగా తుడిచి, గేరాయిల్ పట్టించేసరికి చైను పాములా మెత్తగా మెలితిరిగింది.

అప్పుడు ఆయన వేలు ఒకచోట ఆగింది.

మడ్డి కింద దాగిన లంకె మీద వెంట్రుకంత బీట.

"వేరే చైనుందా?"

"లేదు. దీంతోనే పోతా." సైరగుల్ బండి స్టార్ట్ చేసింది. "ఎక్కు పెద్దాయనా, టైమైపోతోంది."

ఆయన వెనక సీటు మీద చెయ్యి వేశాడు. కనుమ వైపు చూశాడు. చెయ్యి తీసేశాడు.

"నేను రాను. నువ్వొక్కదానివే పో."

"ఇందాక అంత బతిమాలావ్! బీట కనబడగానే ప్రాణం మీద తీపి పుట్టిందా?"

"భయమేసిందమ్మా."

బురుల్ పకపకా నవ్వింది. "గడ్డం చూసి వీరుడనుకున్నా!"

ఆయనకు కోపం రాలేదు. "ఎత్తులో గేరు మార్చేటప్పుడు కుదుపు తగలనీకు తల్లీ. పో, పో" అన్నాడు.

సైరగుల్ వెనక్కి తిరిగి చూడలేదు.

పడిన చరియల సందుల్లోంచి బండిని నెట్టుకుంటూ దాటింది. కనుమ మీద మంచు ముఖాన కొట్టింది. నిటారు మలుపుల్లో చైను కిర్రుమన్నప్పుడల్లా పళ్ళు బిగించి, 'ఇంకొంచెం, ఇంకొంచెం' అంది. తన ఒక్కదాని బరువుకే అది తెగేలా ఉంది.

తెగలేదు.

పొద్దు వాలుతుండగా గొర్రెలవాళ్ళ గుడారంలో అడుగుపెట్టి, చేతులు కడుక్కుని, సూది వేసింది. బాలింత పొట్ట మీద అరచేయి ఆనించి నొక్కుతూ కూర్చుంది. మెల్లగా రక్తం తగ్గింది. ఆ తర్వాత ఆగింది.

"బతికింది!" అత్తగారు పసిబిడ్డను గుండెకు హత్తుకుని ఏడ్చేసింది.

బయట మంచు దట్టమైంది. కనుమ మూసుకుపోయిందని గొర్రెలకాపరి వచ్చి చెప్పాడు. ఇక వసంతం దాకా తెరుచుకోదట.

బాలింత కళ్ళు తెరిచింది. పెదవులకు రంగు వస్తోంది. సైరగుల్ చెంచాతో టీ తాగించింది.

"ఏమన్నా కావాలా చెల్లీ?"

ఆ పిల్ల తలుపు తెర వైపు చూసింది.

"కబురందగానే మా నాన్న బయలుదేరాడట అక్కా. కుంటికాలితో నడవలేడు, ఆ టీ గుడారం దగ్గర ఎవరో ఒకరి బండెక్కి వచ్చేస్తానన్నాడు... నీకు కనబడలేదా?"