తలుపు కింది అంచు

"అబద్ధం చెప్పే మనిషి ఈ ఇంట్లో ఉండడానికి వీల్లేదు," అంది పెద్దావిడ, గ్యారేజీ ముందు వేయించుకున్న కుర్చీలో కూర్చుంటూ. "కారు గ్యారేజీ లోపలే కడిగాను, తలుపు అందుకే కుళ్ళింది, పొరపాటైందని ఒక్క మాటంటే ఊరుకునేదాన్ని."

"నేను లోపల కడగలేదమ్మా," అన్నాడు డ్రైవరు.

పన్నెండేళ్ళుగా ఆ ఇంటి కారు నడుపుతున్నవాడు. తన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఈ పూట తేలిపోతుందని తెలిసి, కారు తాళాలు చేతిలో పట్టుకునే వచ్చాడు.

గ్యారేజీకి రెండు రెక్కల చెక్క తలుపు. గాలిలో తేమ ఆరని ఊరు అది. ఉతికిన బట్ట ఆరడానికి రెండు రోజులు పడుతుంది. ఆ తేమకు తలుపు అడుగున జానెడు మేర ఉబ్బి, నల్లబడి, వేలితో నొక్కితే పొడిపొడిగా రాలుతోంది. తెరిచినప్పుడల్లా నేలను గీరుకుంటూ మూలుగుతోంది.

"తలుపేగా అమ్మా, పోనిద్దూ," అన్నాడు కొడుకు. ఆ ఇంట్లో ఉండేది తల్లీ కొడుకూ ఇద్దరే.

"తలుపు పోతే కొత్తది చేయిస్తాం. మాట పోతే ఎవరు చేసిపెడతారు? ఆ గోడకు ఆనుకోకు, చొక్కా అంతా పాచి. యాభై ఏళ్ళొచ్చినా తిన్నగా నిలబడడం రాలేదు నీకు."

కొడుకు తిన్నగా నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళు బడి నడిపిన మనిషి ముందు అంతకంటే చేయగలిగింది లేదు.

విచారణకు సాక్షిగా పిలిపించింది రంగుల మేస్త్రీని. ఆ తలుపుకు రంగు వేసింది అతనే. డ్రైవరు, కొడుకుల సాయంతో ఒక రెక్కను బందుల నుంచి విప్పి, రెండు స్టూళ్ళ మీద పడుకోబెట్టాడు. లోపలి ముఖం మీద అరచేయి పెట్టి పైనుంచి కిందిదాకా మెల్లగా రాశాడు.

"ఇటు చూడండమ్మగారూ. లోపల నీళ్ళు కొట్టి ఉంటే ఈ ముఖమంతా పొక్కులు లేవాలి. అద్దంలా ఉంది."

"అయితే కింద ఎందుకు కుళ్ళింది?"

"చెక్క నీళ్ళు తాగేది కొసల నుంచండి. ఇదిగో, నేలకానే అంచు. దీనికి రంగు చుక్క అంటలేదు. వాన పడ్డప్పుడల్లా కిందనుంచి పీల్చుకుంది. డ్రైవరు పాపం లేదు ఇందులో."

డ్రైవరు తలెత్తలేదు గాని, అతని భుజాలు కొంచెం కిందికి దిగాయి.

పెద్దావిడ ఒళ్ళోని నోటుపుస్తకం తెరిచింది. ఈమధ్య ఏ సంగతైనా రాసుకుంటే తప్ప ఆవిడకు గుర్తుండడం లేదు. "రంగు వేసి ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళండి. వానలకు ముందు."

"మరి ఆ అంచుకెందుకు వేయలేదు? కనపడని చోటని ఎగ్గొట్టావా?"

"లేదమ్మగారూ. తలుపు విప్పితేగాని అక్కడికి కుంచె పోదు. విప్పుతానన్నాను. రెండు రోజులు గ్యారేజీ బార్లా తెరిచి ఉంటుంది, వద్దన్నారు."

"విప్పకపోతే తలుపు పాడవుతుందని చెప్పావా?"

"చెప్పానండి."

"చెప్పినా వినలేదన్నమాట. ఎవరు?"

మేస్త్రీ స్క్రూలు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

"నిన్నే అడుగుతున్నాను. ఈ ఇంట్లో ఎవరు వద్దన్నారు?"

"నేనేనమ్మా," అన్నాడు కొడుకు. "వద్దన్నది నేనే."

పెద్దావిడ కళ్ళజోడు తీసి కొడుకును నిదానంగా చూసింది. "నాతో ఒక్క మాటైనా అన్నావా?"

"లేదు."

"వారం రోజులుగా ఈ మనిషిని దొంగను చూసినట్టు చూశాను. నువ్వు పక్కనే ఉండి, పోనిద్దూ అన్నావు."

"తప్పేనమ్మా."

"తప్పేనని నాకు చెప్తే ఏం లాభం? అతనికి చెప్పు. నా ఎదుట వద్దు, నా కోసం చెప్పినట్టుంటుంది. గేటు దగ్గరికి తీసుకెళ్ళి చెప్పు. ఈ నెలంతా కారు నువ్వే కడుగు, బయట. డ్రైవర్ నాయనా, నీ మీద వేసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. రేపు మామూలుగా రా."

"అలాగేనమ్మా," అన్నాడు డ్రైవరు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మేస్త్రీ వైపు తిరిగింది. "ఇప్పుడు దీన్ని ఎలా బాగుచేస్తావో వరసగా చెప్పు, రాసుకుంటాను."

"కుళ్ళినంత మేర కోసి కొత్త ముక్క అతకాలండి. ఎండలో పెట్టకూడదు, పగులుతుంది. నీడలో వారం ఆరాక, కింది అంచుకు ముందు నూనె, తర్వాత ప్రైమర్, ఆపైన రంగు రెండు పూతలు. నేలకు వేలెడు ఎత్తున బిగించాలి. పగటిపూట లోపలి కిటికీ తెరిచి ఉంచండి, తేమ నిలవదు."

"రెండో రెక్క కూడా విప్పు. గ్యారేజీ తెరిచి ఉంటే ఉండనీ. పని సగంలో ఆపించే బుద్ధి ఈ ఇంట్లో ఎవరికి పుట్టిందో ఇప్పుడు తెలిసింది."

మేస్త్రీ తల వంచుకుని రెండో రెక్క స్క్రూలు తిప్పసాగాడు.

గేటు దగ్గర కొడుకు డ్రైవరుకు ఎదురుగా నిలబడ్డాడు. ఈసారి దేనికీ ఆనుకోలేదు.

"నా వల్ల నువ్వు మాట పడ్డావు. క్షమించు."

డ్రైవరు కారు తాళాలు జేబులో వేసుకున్నాడు. కుర్చీలో ముందుకు వంగి శ్రద్ధగా రాసుకుంటున్న పెద్దావిడను కాసేపు చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"రంగులు వేసిన ఆ వారమంతా మీరు ఊళ్ళోనే లేరు కదా సార్."