పసుపు గీత

"గుర్రప్పందెం ఈ ఏటితో ఆఖరు! ఒచ్చే ఏడు నుంచి బైకు పందెమే!"

మైకులో ఆ మాట వినబడగానే ఆడవాళ్ల గుంపులోంచి హేమలత చటుక్కున లేచింది. పెళ్లయి నెల కాలేదు. మోచేతుల దాకా ఉన్న గాజులు గలగలమనేలా చెయ్యెత్తింది.

"ఎందుకాపాలండీ?"

పండగ కమిటీ ప్రెసిడెంటు మోహన్‌కృష్ణ నవ్వాడు. "అటు సూడు కొత్తకోడలా. గుర్రాలు రెండే. మీ ఆయనదొకటి, మల్లేశుదొకటి. రెండిటికి పందెమేటమ్మా? పెదబయలోళ్లు నవ్విపోతారు."

"రెండే ఎందుకు మిగిలాయో చెప్పండి. గెలిచినవాడికి ఏమిస్తున్నారు?"

"బైకు!" వేదిక మీద పూలదండ వేసిన ఎర్ర బైకును చరిచాడు మోహన్‌కృష్ణ. "పందేన్ని బతికించాలనే గదా ఇంత బహుమతి!"

హేమలత వెనక్కి తిరిగింది. "సురేంద్రన్నా, పోయినేడు గెలిచింది నువ్వే కదా. గుర్రమేది?"

తన బైకు మీద కాళ్లు చాపుకుని కూర్చున్న సురేంద్ర తల గోక్కున్నాడు. "అమ్మేసినానమ్మా. బండొచ్చాక దాన్నెవడు మేపుతాడు?"

"విన్నారా? అంతకుముందు గెలిచినవాళ్లూ అంతే. పందేన్ని బతికించడానికి మీరు ఏడాదికో బైకు తెస్తున్నారు. అదొచ్చి ఏడాదికో గుర్రాన్ని మింగుతోంది."

జనం గొల్లుమన్నారు. మోహన్‌కృష్ణ ముఖం మాడింది.

"అయితే ఏటి సెయ్యమంటావు?"

"గెలిచినవాడు మరుసటేడు అమ్మవారి ముందుకి గుర్రాన్ని తేవాలని పాత ఆచారం. గుర్రానికి బదులు కోడిపుంజునిస్తే చాలని దాన్ని చెడగొట్టింది మీరే. ఆ పుంజు మాన్పించండి. గుర్రమొస్తే పందెం జరిపించండి."

మోహన్‌కృష్ణ ఒక్క క్షణం ఆలోచించాడు. పెదవి చివర నవ్వు మొలిచింది. వేదిక పక్కనే అమ్మవారి రాయి, దాని ముందు నేల మీద పసుపు గీత. రాయి దగ్గర కూర్చున్న ముసలి పూజారి వైపు తిరిగాడు. "సుక్రు తాతా, నువ్వే సాచ్చికం." మైకు నోటికి ఆనించి, కొండకు తగిలేలా అరిచాడు. "డప్పు మోగినాక ఈ పసుపు గీత దాటి అమ్మ ముందుకి మొదటి అడుగేసినోడు ఒచ్చే ఏడు గుర్రాన్ని తేవాల! ఎవడైనా సరే! పుంజులు సెల్లవు! అమ్మ మీదొట్టు! ఎవడూ దాటకపోతే మాత్రం పందెం ఇయ్యాలతో సరి!"

మైకు పక్కకు తిప్పి హేమలతతో మెల్లగా అన్నాడు. "మీ ఆయనే దాటడు సూడు. అందరికీ బండి కావాల గానీ గుర్రమెవడిక్కావాల?"

హేమలత దిగువనున్న మొగుడి వైపు చూసింది. వారం రోజులుగా ఫల్గుణ కళ్లు ఆ ఎర్ర బండి మీదే ఉన్నాయి. నిన్న కూడా "ఎనకాల నువ్వు కూకుంటే సాపరాయి జలపాతం దాకా ఎగిరెల్లిపోతాను" అన్నాడు. "ఏం, చోడి వీపు మీద ఇద్దరం పట్టమా మావా?" అని తను నవ్వేసింది. చోడిగింజ, అదే రాగిగింజ, రంగులో ఉంటుందని ఆ ఆడగుర్రానికి ఆ పేరు. పొద్దున్నే దాని జూలుకు బంతిపూలు గుచ్చింది కూడా తనే.

దిగువన, కాఫీ తోట అంచున, ఫల్గుణ, మల్లేశు గుర్రాల మీద నుంచే తలలు దగ్గర పెట్టుకుని ఏదో అనుకున్నారు. డప్పు మోగింది.

ఎర్రమట్టి లేచింది. చోడి మెడ సాచి ఎగువకు దూసుకొచ్చింది. బంతిపూలు ఒక్కొక్కటే రాలుతున్నాయి. కొత్తకోడలినన్న సంగతే మరిచిపోయి హేమలత ఎగిరి గంతేసింది. "రా చోడీ! బేగి రా!"

గీతకు నాలుగు బారల దూరంలో ఫల్గుణ కళ్లెం బిగించాడు. చోడి ఆగిపోయింది. పక్కనే మల్లేశు గుర్రం కూడా ఆగింది.

డప్పుల వాళ్లు బిత్తరపోయి చేతులు ఆపేశారు.

"దాటు మావా!" హేమలత అరిచింది. ఫల్గుణ ఆమె వైపు చూడలేదు. చోడి మెడ నిమురుతూ కూర్చున్నాడు. మల్లేశు ఆవలించాడు.

"ప్రెసిడెంటుగారూ," ఫల్గుణ పిలిచాడు, "ఓపాలి ఇలగొచ్చెల్లండి."

మోహన్‌కృష్ణ పంచె ఎగ్గట్టి గీతకు దిగువన ఉన్న వాళ్ల దగ్గరికి వచ్చాడు. "ఏటిరా? దాటవా?"

"దాటను."

"నువ్వురా మల్లేశూ?"

"నేనూ అంతే. ఎల్లి మైకులో సెప్పీయండి."

మోహన్‌కృష్ణ హేమలత వైపు చూసి పకపకా నవ్వాడు. "ఏమ్మా డిగ్రీ సదివిన కోడలా, మీ ఆయన మాట ఇన్నావా?"

హేమలత కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా తల దించలేదు. "ఆయన దాటకపోతే దించెయ్యండి. చోడినెక్కి నేను దాటుతాను!" అంటూ కొంగు బిగించింది.

"నీకా పనేమీ నేదులేమ్మా. పందెం అయిపోయింది!" మోహన్‌కృష్ణ గిరుక్కున తిరిగి, మీసం దువ్వుకుంటూ, పెద్ద పెద్ద అంగలతో మైకు దగ్గరికి నడిచాడు.

మైకు చేతికందే లోపలే అతని మెడలో బంతిపూల దండ పడింది. వేసింది సుక్రు తాత.

"ఇదేటి తాతా?"

"గీత దాటి అమ్మ ముందుకి మొదటి అడుగు నువ్వే ఏసినావు బాబూ. కాలు సూసుకో."

మోహన్‌కృష్ణ కిందికి చూశాడు. చెప్పుకి పసుపు అంటుకుంది. "నేనా? నాకు గుర్రమే నేదు గదా!"

చోడి మీద నుంచి ఫల్గుణ హేమలతకు కన్నుకొట్టి, గట్టిగా అన్నాడు.

"అందుకే గదండీ! మా ఇద్దరికీ ఎలాగూ ఉన్నాయి. మీరు గెలిత్తేనే గదా మూడోది ఒచ్చేది!"