ఛార్జింగ్ దగ్గరి పెద్దాయన

మూడు బీమా కంపెనీల కాగితాలు ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది టాక్సీ నడిపే ఆమె.

ఎదురుగా ఆమె ఎలక్ట్రిక్ కారు ఛార్జింగ్ అవుతోంది. దర్జీ పని చేసే భర్త మోకాలు దెబ్బతిని మిషను మీద కూర్చోలేకపోయాక, ఇల్లు నడుస్తున్నది ఆ కారు మీదే. బీమా గడువు ఇంకో రెండ్రోజుల్లో ముగుస్తుంది.

"ఏది తీసుకుంటున్నావమ్మా?"

తలెత్తి చూసింది. ఇస్త్రీ చొక్కా, చంకలో గొడుగు. ఎవరో పెద్దాయన.

"ఇంకా ఏమీ అనుకోలేదు."

"ఏది తీసుకోవాలో నేను చెప్పను. ముగ్గురినీ ఒక్క మాట మాత్రం అడుగు. బ్యాటరీలోకి నీళ్లు పోతే నష్టం కట్టిస్తారా, లేదా? నోటిమాట కాదు, కాగితం మీద చూపించమను."

"నీళ్లెందుకు పోతాయండీ? నేనేమన్నా కారుని చెరువులోకి తోలతానా?"

పెద్దాయన నవ్వలేదు.

"నిలబెట్టిన కారులోకి కూడా పోతాయి. బ్యాటరీ ఉండేది అడుగునే కదా. అది పోతే కారు పోయినట్టే. ఆ మధ్యలో ఉన్న కాగితం చూడు, పద్నాలుగో పేజీలో, కింద చిన్నక్షరాల్లో..."

ఆమె కాగితాలు గబుక్కున మడిచేసింది. ఆ మధ్యది అన్నిటికన్నా చవకైంది. ఆమె మనసు దాని మీదే ఉంది.

తెరవకుండానే పేజీ నంబరు చెప్పేస్తున్నాడంటే, పోటీ కంపెనీ ఏజెంటే అయ్యుండాలి.

"మీకెంతొస్తుందండీ కమీషను?"

"నాకేం వస్తుందమ్మా?"

"ఏమీ రాకుండానే ఎండలో నిలబడి పరాయివాళ్ల కాగితాలు చదువుతున్నారా?"

పెద్దాయన ముఖం చిన్నబోయింది. అప్పుడే వచ్చి ఆగిన మరో కారు దగ్గరికి నడిచాడు. అక్కడా అదే ప్రశ్న మొదలుపెట్టాడు.

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. వాచ్‌మన్‌ని కేకేసింది.

"ఈయన్ని లోపలికెందుకు రానిస్తున్నారు?"

"రోజూ వస్తారు మేడం. ఎవరికీ ఏదీ అమ్మిన పాపాన పోలేదు. ఊరికే చెప్పి పోతుంటారు."

"ఊరికే ఎవరు చెప్తారయ్యా? పంపిస్తావా, మీ ఆఫీసుకి ఫోన్ చెయ్యనా?"

వాచ్‌మన్ ఒకసారి ఆమె వైపు, ఒకసారి పెద్దాయన వైపు చూశాడు. చివరికి వెళ్లి పెద్దాయన చెవిలో ఏదో చెప్పాడు.

ఆయన గొడుగు సర్దుకుని కదిలాడు. గేటు దాకా వెళ్లి, ఒకసారి వెనక్కి తిరిగాడు.

"ఆ పేజీ ఒక్కటీ చదువు తల్లీ."

ఆయన చూస్తుండగానే ఆమె ఫోన్ తీసి, ఆ చవక కంపెనీకే సరేనని నొక్కేసింది.

ఇంటికెళ్లి జరిగింది చెబితే భర్త అడిగాడు. "ఇంతకీ ఆ పేజీలో ఏముంది?"

"దారినపోయే మనిషి మాట పట్టుకుని నేనిప్పుడు కాగితాలు చదువుతూ కూర్చోవాలా?"

భర్త కాగితాలు తీసి బీరువాలో పెట్టాడు.

వానాకాలం వచ్చింది. మూడు రోజులుగా ముసురు. డయాలిసిస్‌కి వెళ్లే ఒక అవ్వని ఆస్పత్రికి తీసుకొచ్చి, కారుని సెల్లారులో పెట్టి, అవ్వ చెయ్యి పట్టుకుని రెండో అంతస్తు దాకా దిగబెట్టింది. తిరిగొచ్చేసరికి సెల్లారు మెట్లు కనబడలేదు. బురదనీళ్లలో కారు పైకప్పు ఒక్కటే కనిపిస్తోంది.

నీళ్లు తోడాక మెకానిక్ వచ్చాడు. బ్యాటరీ విప్పి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఇది మార్చడం కన్నా ఇంకో కారు కొనుక్కోవడం మేలక్కా."

బీమా ఆఫీసులో క్లెయిములు చూసే ఆఫీసరమ్మ నడివయసు మనిషి. ఫోటోలన్నీ ఓపిగ్గా చూసింది. తర్వాత పాలసీ కాగితం తిరగేసి, ఒక పేజీ దగ్గర ఆపి, ఆమె వైపు తిప్పింది.

పద్నాలుగో పేజీ.

'వాహనం అడుగు భాగం నుండి బ్యాటరీలోనికి నీరు చేరుటవలన కలుగు నష్టమునకు కంపెనీ బాధ్యత వహించదు.'

ఆమె మూడుసార్లు చదివింది. ఏమైందో కనుక్కుందామని ఇంట్లో ఫోన్ పట్టుకుని కూర్చున్న భర్త గుర్తొచ్చాడు.

"నాకొకాయన ముందే చెప్పారండీ," అంది. "ఛార్జింగ్ స్టేషన్ దగ్గర. పేజీ నంబరుతో సహా చెప్పారు. ఏజెంటనుకుని గెంటించేశాను."

ఆఫీసరమ్మ రాయడం ఆపింది.

"పెద్దవయసు మనిషా? పొడుగ్గా, కాస్త వంగి నడుస్తారా?"

"ఆయనే. మీకు తెలుసా? ఎక్కడుంటారు? ఒక్కసారి కలిసి క్షమాపణ చెప్పుకోవాలి."

"కాలం చేసి నెలయిందమ్మా. మేమంతా వెళ్లొచ్చాం."

ఆమె ముందుకు వంగింది.

"మీరంతానా? మీకేమవుతారు?"

"ముప్పై ఏళ్లు ఈ ఆఫీసులోనే చేశారు. మీలాగే కారు పోగొట్టుకున్న ఒక పెద్దమనిషి, ఇప్పుడు మీరు కూర్చున్న చోటే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ మధ్యాహ్నమే ఈయన ఉద్యోగానికి రాజీనామా రాసిచ్చి వెళ్లిపోయారు. అప్పట్నుంచీ ఛార్జింగ్ స్టేషన్లు పట్టుకు తిరుగుతూ, కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుంటూ వచ్చారు. చాలా చోట్ల తిట్టి పంపించేవాళ్లట."

"ఉద్యోగం మానేసి మరీ తిరగడమేంటండీ? ఆయనకేం పట్టింది?"

ఆఫీసరమ్మ పద్నాలుగో పేజీలోని ఆ వాక్యం మీద వేలు పెట్టింది. తర్వాత మెల్లగా అంది.

"ఈ వాక్యం రాసింది ఆయనేనమ్మా."